ఓ నా నాడీ!

‘నాడీ!’ అని ముద్దుగా పిలిస్తే మనింట్లో ఎవరైనా పలుకుతారా? డాక్టరుగారు వచ్చారేమో అనుకుని చెయ్యి చాపుతారు! ఐర్లండ్‌లో మాత్రం అది తరతరాల ముద్దుపిలుపు.

ఐరిష్ భాషలో ‘కుష్ల’ అంటే రక్తనాళం. అందులో కొట్టుకునే నాడి కూడా అదే. ‘అ ఖుష్ల మొ ఖ్రీ’ అంటే ‘ఓ నా గుండె నాడీ’ అని. మనం ‘నా ప్రాణమా’ అన్నట్టన్నమాట. ఈ పిలుపే ఇంగ్లిషువాళ్ల నోట ‘మకుష్లా’ అయింది. 1910లో ఆ పేరుతోనే ఒక పాట వచ్చింది. ఐరిష్ గాయకుడు జాన్ మెక్‌కార్మాక్ దాన్ని రికార్డుగా ఇచ్చాడు.

ప్రపంచమంతటికీ ఈ మాట తెలిసింది మాత్రం ‘మిలియన్ డాలర్ బేబీ’తో. 2005లో నాలుగు ఆస్కార్లు కొట్టేసిన సినిమా అది. బాక్సింగ్ నేర్చుకునే అమ్మాయికి కోచ్ ఆకుపచ్చ పట్టు అంగీ ఇస్తాడు. దానిమీద ‘మొ కుష్ల’ అని ఉంటుంది. ప్రేక్షకులు ఆ పేరుతోనే కేకలేస్తారు. అర్థమేమిటని ఆమె అడిగితే కోచ్ దాటేస్తాడు. చివరికి ఆసుపత్రి మంచం పక్కన చెబుతాడు... నా బంగారుతల్లీ, నా రక్తమా అని. కళ్లు చెమర్చనివాళ్లు తక్కువ.

తమాషా ఏమిటంటే, ఆ అంగీమీద స్పెల్లింగు తప్పు! ‘సి’ పక్కన ఉండాల్సిన ‘హెచ్’ జారిపోయి ‘ఎస్’ పక్కన చేరింది. చిన్న విషయమేం కాదు. ‘నా’ అనే మాట ముందుంటే ఐరిష్‌లో ‘క’ మెత్తబడి, గొంతులోంచి వచ్చే ‘ఖ’ అవుతుంది. బళ్లో చదివిన గసడదవాదేశం గుర్తుందా? ‘వాడు కొట్టె’ కాస్తా ‘వాడు గొట్టె’ అయినట్టే, అక్కడా మాట మొదటి అక్షరమే మారుతుంది. ఆ మార్పుకి గుర్తు ఆ ‘హెచ్’.

అంత పెద్ద సినిమాలో సరిచూసేవాళ్లే లేకపోయారా అనిపిస్తుంది. 1845లో మొదలైన మహా కరవులో సుమారు పది లక్షలమంది చనిపోయారు, అంతేమంది ఓడలెక్కారు. ఎక్కువ దెబ్బ తిన్నవి ఐరిష్ మాట్లాడే పల్లెలే. ఇప్పుడది బళ్లో నేర్పే భాష. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షల మందికి పైగా తమకు ఐరిష్ వచ్చన్నారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు 71,968 మంది. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలోకి వాళ్లందరినీ చేర్చినా, ఇంకా పదివేల మందికి చోటు మిగిలే ఉంటుంది.