సండే ట్రెక్కింగ్ ప్లాన్ చేస్తున్నారా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఒక్క రోజులో ఎక్కి దిగే 5 స్పాట్లు ఇవే.. కానీ టైమ్ జాగ్రత్త!

వీకెండ్ వస్తే చాలు.. బెంగళూరు, తిరుపతి నుంచి బైకులన్నీ ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల వైపే. కారణం ఇక్కడి రాళ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉండే గుండ్లు, నున్నటి పెద్ద బండలు, వాటి మీద పాత కోటలు. ఫొటోల్లో చూస్తే గంటలో ఎక్కి దిగేయొచ్చు అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ కొండల్లో చాలావాటికి ఎత్తు పెద్ద సమస్య కాదు. ఎండ, నీళ్లు, కుప్పం వైపు అయితే ఏనుగులు.. ఇవే సమస్య. అందుకే ఎక్కడికి వెళ్లాలో తెలుసుకునేటప్పుడే, ఎన్నింటికి కిందికి దిగిపోవాలో కూడా తెలుసుకోవాలి.

ఈ గుండ్లు ఎలా ఏర్పడ్డాయి?

ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాళ్లు. భూమి లోపల గట్టిపడ్డ రాయికి పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి, మూలలు అరిగి రాయి గుండ్రంగా మారింది. చుట్టూ ఉన్న మట్టి వానలకు కొట్టుకుపోయింది, గుండ్లు మిగిలాయి. బండల పైపొరలు ఉల్లిపాయ పొరల్లా ఊడిరావడం కూడా చూడొచ్చు. అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారిలో జాషువా ట్రీ నేషనల్ పార్క్ ఉంది. అక్కడి ఫేమస్ గ్రానైట్ గుట్టలు కూడా దాదాపు ఇలా ఏర్పడ్డవే. ఆ పార్కుకు వెళ్లేవాళ్లకు అక్కడి అధికారులు చెప్పే మొదటి మాట.. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు తెచ్చుకోండి అని. మనది ఎడారి కాదు గానీ, మధ్యాహ్నం బండ మీద నిలబడితే పెద్ద తేడా తెలీదు.

1. హార్స్‌లీ హిల్స్: ఫ్యామిలీతో వెళ్లేవాళ్లకు

మదనపల్లె నుంచి సుమారు 30 కిలోమీటర్లు. 4 వేల అడుగులకు పైగా ఎత్తు. పైదాకా ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి పిల్లలు, పెద్దవాళ్లు కూడా రావొచ్చు. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టర్‌గా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు వచ్చింది. స్థానికులకు మాత్రం ఇది ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే చిన్నపిల్లను ఏనుగులే సాకాయని ఇక్కడ కథ చెబుతారు. మల్లమ్మ గుడి, గంగోత్రి చెరువు, 1859లో నాటిన 'కల్యాణి' అనే నీలగిరి చెట్టు, చివరగా గాలిబండ.. ఇవన్నీ నడిచి చూడొచ్చు. గాలిబండ పేరుకు తగ్గట్టే గాలి గట్టిగా వీస్తుంది. అంచున సెల్ఫీలు వద్దు. బండ వాలు కొంచెం కొంచెంగా పెరుగుతుంది కాబట్టి అంచు దగ్గరకు వచ్చేశామని కాలికి తెలిసేలోపే ఆలస్యమైపోతుంది.

2. గుర్రంకొండ కోట: చరిత్ర అంటే ఇష్టమున్నవాళ్లకు

మదనపల్లె నుంచి కడప వెళ్లే దారిలో దూరం నుంచే కనిపించే నిట్టనిలువు కొండ ఇది. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల చేతుల్లో ఉన్న కోట. కింద రంగీన్ మహల్ ఉంది. మహల్ చూసి వచ్చేయాలంటే గంట చాలు. కొండ ఎక్కాలంటే మాత్రం పొద్దున్నే మొదలుపెట్టాలి. దారి నిటారుగా ఉంటుంది, నీడ తక్కువ, పైన మంచినీళ్లు దొరుకుతాయని అనుకోవద్దు. శిథిల గోడల మీదకు ఎక్కకండి. పాత రాయి ఎప్పుడు కదులుతుందో చెప్పలేం.

3. బోయకొండ: మొదటిసారి కొండ ఎక్కేవాళ్లకు

పుంగనూరుకు దగ్గర్లో, చౌడేపల్లె మండలంలో ఉంది. పెద్ద పెద్ద గుండ్ల మధ్య బోయకొండ గంగమ్మ గుడి. మెట్లు ఉన్నాయి, జనం ఉంటారు, కాబట్టి కొత్తవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. అమ్మవారి తలపై పువ్వు పెట్టి, అది ఏ వైపు పడుతుందో చూసి కోరిక గురించి అడగడం ఇక్కడి ఆచారం. ఆదివారాలు రద్దీ బాగా ఎక్కువ. నడక కోసమే వెళ్తుంటే మామూలు రోజు చూసుకోండి. మెట్లు వదిలి గుండ్ల మధ్య అడ్డదారులు పట్టొద్దు.

4. కంగుంది: రాక్ క్లైంబింగ్ ఇష్టపడేవాళ్లకు

కుప్పం దగ్గరి పల్లె ఇది. ఒకప్పుడు కంగుంది పాలెగాళ్ల కేంద్రం. ఊరి వెనకే కోట ఉన్న కొండ, చుట్టూ గుండ్లు. రాళ్లెక్కే సరదా ఉన్నవాళ్లు దీన్ని వెతుక్కుంటూ వస్తారు. మీకు అలవాటు లేకపోతే కోట దారి వరకు చాలు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. నున్నటి బండ ఎక్కడం తేలిక, దిగడం కష్టం. ఎలా దిగుతామో తెలియని చోటికి ఎక్కకూడదు.

5. కైగల్ జలపాతం: వానల తర్వాత చూడాల్సింది

పలమనేరు–కుప్పం రోడ్డులో, బైరెడ్డిపల్లె మండలంలో ఉంది. దుముకురాళ్లు అని కూడా అంటారు. బండల మీద నుంచి నీళ్లు కింద గుండంలోకి దూకుతాయి. గుండం లోతు పైనుంచి చూస్తే తెలీదు, అడుగున రాళ్లు ఉంటాయి. ఈత వచ్చినా సరే, దూకొద్దు.

అసలు జాగ్రత్త ఇక్కడే: ఏనుగులు

పలమనేరు, కుప్పం అడవుల్లోనే కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఉంది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. చాలా కాలం ఏనుగులే లేని ఈ ప్రాంతానికి 1980ల్లో పక్క రాష్ట్రాల నుంచి మందలు వచ్చాయి. వాటి కోసమే 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటి నుంచి పంటలు, ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మందల్ని అదుపు చేయడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్ని కూడా తెప్పించారు.

ఏనుగులు పొలాల వైపు వచ్చేది ఎక్కువగా సాయంత్రం నుంచి తెల్లవారే దాకా. అంటే సన్‌రైజ్ ఫొటో కోసం చీకట్లో బయల్దేరడం హార్స్‌లీ హిల్స్‌లో ఓకే, కుప్పం వైపు మాత్రం ప్రమాదం. ఇక్కడ బాగా తెల్లారాక, 8 గంటల తర్వాతే నడక మొదలుపెట్టండి. సాయంత్రం 4 కల్లా రోడ్డు మీదకు వచ్చేయండి. అడవి దారి పట్టేముందు ఫారెస్ట్ సిబ్బందిని, పక్క ఊరి రైతుల్ని అడగండి. రాత్రి మంద ఎటు పోయిందో వాళ్లకే తెలుస్తుంది. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు అవుతుంది. ఏనుగు కనిపిస్తే ఫోన్ తీయొద్దు. అరవకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి.

బ్యాగులో, బుర్రలో ఉండాల్సినవి

- డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బెస్ట్ సీజన్. ఎండాకాలంలో అయితే పొద్దున 10 కల్లా దిగిపోవాలి.
- మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. సగం నీళ్లు అయిపోతే పైకి ఎంత దూరం ఉన్నా వెనక్కి తిరగాలి.
- తడి బండ మీద ఎంత మంచి షూ అయినా జారుతుంది. వాన పడితే ఎక్కడం మానేయండి.
- రాతి పగుళ్లలో చేతులు పెట్టొద్దు. పాములు ఉంటాయి. గుహల్లాంటి చోట్ల ఎలుగుబంట్లు ఉండొచ్చు.
- కొండ అంచుల్లో పెద్ద తేనెపట్లు ఉంటాయి. పొగ పెట్టడం, రాళ్లు విసరడం ప్రాణాల మీదకు తెస్తుంది.
- డీజే స్పీకర్లు వద్దు. దక్షిణ భారతంలోని ఇలాంటి రాతి కొండల్లోనే బతికే పసుపు గొంతు పికిలి అనే అరుదైన పిట్ట ఇక్కడ ఉంది.
- ఎవరైనా తడబడుతూ మాట్లాడితే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ కావొచ్చు. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ 108కి కాల్ చేయండి.
- కొండ వెనక సిగ్నల్ దొరకకపోవచ్చు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు దిగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

ఆ చెప్పిన టైమ్‌కే వెనక్కి తిరగండి. పైదాకా చేరకపోయినా ఫర్వాలేదు. కోట్ల ఏళ్లుగా ఉన్న రాయి వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటుంది.