చిన్నమెదడు చదువు

ఆదివారంనాడు ఆబిడ్స్‌లో మూసివున్న దుకాణాల ముందు పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. వంగి ఒక పుస్తకం అందుకోవడం, ఒంటికాలిపై బరువు మోపి పక్కవారికి దారి ఇవ్వడం మనకు తలపులోకైనా రాని పనులు. మెదడులోని కణితికి శస్త్రచికిత్స జరిగినవారికి ఇందులో ప్రతి కదలికా మళ్ళీ నేర్వవలసిన పాఠం కావచ్చు.

కదలికకు ఆజ్ఞ ఇచ్చేది పెద్దమెదడు; ఆ ఆజ్ఞను సరిదిద్దేది చిన్నమెదడు. పెద్దమెదడులో ఎడమభాగం దెబ్బతింటే కుడిచేయి, కుడికాలు బలం తప్పుతాయి. చిన్నమెదడు ఏ పక్క దెబ్బతింటే ఆ పక్కనే తడబాటు. బలం ఉంటుంది, గురి ఉండదు. గ్లాసుకు చేరువైనకొద్దీ చేయి మరింత వణుకుతుంది. నాంపల్లి నుమాయిష్ రద్దీలో ఇట్టివారు తూలుతూ నడిస్తే, తాగి వచ్చారని చూపరులు అనుకోగలరు. ఆ అవమానం వ్యాధికంటె చిన్నదేమీ కాదు.

1884 నవంబరు 25న లండనులో రిక్‌మన్ గాడ్లీ ఒక యువకుని మెదడునుండి కణితిని తీశాడు. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు. ఎడమచేతి బలహీనతనూ, ఈడ్పులనూ పరిశీలించి బెన్నెట్ అనే వైద్యుడు కణితి చోటును పసిగట్టాడు. ఊహ నిజమైనది, రోగి మాత్రం పుండు చెడి నాలుగు వారాలకే మరణించాడు.

నేడు ప్రాణం దక్కడం సాధారణమైన కొద్దీ కదలికను గురించిన చింత ముందుకు వచ్చింది. శస్త్రచికిత్స మరునాడు చేయి పడిపోయిందని ఇంటివారు బెంబేలెత్తుతారు. కాని బలహీనతలన్నీ ఒక్కటి కావు. వాపువల్ల వచ్చినది రోజులలో, వారాలలో తగ్గుతుంది. ఆజ్ఞలు మోసే తంతువులే తెగితే లోటు కొంత నిలిచిపోతుంది. మిగిలిన మెదడు కొత్త త్రోవలు వెదుక్కోవలె. అందుకు అభ్యాసమే ప్రధానం: మంచంమీద ఒత్తిగిలడం మొదలు, కూర్చోవడం, నిలవడం, ఆసరాతో నడవడం. అన్నట్లు, పడిపోయిన చేతిని పట్టి లాగి లేవదీయరాదు. భుజం కీలు చెడుతుంది.

పిల్లలలో మెదడు కణితులు పెక్కు చిన్నమెదడు పరిసరాలలోనే పుడతాయి. శస్త్రచికిత్స జరిగిన ఒకటి రెండు రోజులకు కొందరు పిల్లలు మాట మానివేస్తారు. తల్లిదండ్రులు అలిగాడనుకుంటారు, జడిసినాడనుకుంటారు. వారాలకో నెలలకో మాట తిరిగివస్తుంది, మొదట ముద్దముద్దగా, సాగదీసినట్లు. చేతివ్రాత కుదురుకోవడానికి ఇంకా కాలం పట్టవచ్చు. బడికి తిరిగివచ్చిన బాలుని పలకమీద గీత దాటిపోయే అక్షరం సోమరితనం కాదని గుర్తించవలసినవాడు ఉపాధ్యాయుడే. నోటితో అడిగితే అదే జవాబును ఆ బాలుడు తప్పు లేకుండా చెప్పవచ్చు. అతనికి మెట్లెక్కనక్కరలేని గది, గోడపక్క చోటు, పరీక్షలో మరికొంత వ్యవధి కావలె.