శేరిలింగంపల్లిలో బోనములు



ఆషాఢమాసమున నొక ఆదివారమునాడు పటాన్‌చెరువునకు బోవుచు లింగంపల్లి స్టేషనులో రైలు దిగితిని. 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రమున మరునాడు జొన్న, కంది మళ్లను జూడవలెనని నా యుద్దేశము. స్టేషను వెలుపలికి రాగానే డప్పుల మ్రోత వినబడెను, బండ్లన్నియు నిలిచిపోయెను. అది బోనముల యూరేగింపు.

ముందు ఒడలెల్ల పసుపు పూసికొని, కాళ్లకు గజ్జెలు గట్టి, కొరడా ఝళిపించుచు పోతరాజు నడచెను. వెనుక స్త్రీలు తలలపై బోనముల నెత్తుకొని వచ్చిరి. బోనమనగా భోజనమే. బియ్యము, పాలు, బెల్లముతో వండిన యన్నమును కొత్తకుండలో నుంచి, కుండకు పసుపు కుంకుమ లద్ది, వేపమండలు గట్టి, పైన దీపము వెలిగింతురు.

1813లో హైదరాబాదున మహమ్మారి ప్రబలగా, ఉజ్జయినిలో నున్న సైనికుడు సురిటి అప్పయ్య అమ్మవారికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో సికింద్రాబాదున మహంకాళిని నిలిపెనని చెప్పుదురు. అచట బోనముల మరునాడు ‘రంగము’ జరుగును. పచ్చికుండపై నిలిచిన స్త్రీ ఆ యేటి వానలను, పంటలను గూర్చి పలుకును. కావున నిది మన రైతుల పండుగయు నగును. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించినది.

కోడలు బోనమెత్తుకొనగా, వేపమండ చేతబట్టి ప్రక్కన నడచుచున్న యొక వృద్ధురాలిని, నా వృత్తి యలవాటు చొప్పున, “అమ్మా, ఈ బియ్యము మీ మడిలోనివేనా?” యని యడిగితిని.

“దుకాణంల కొన్నవి నాయనా. బిడ్డ పెండ్లి అప్పుకు పొలం పోయింది. గిప్పుడు ఆడ మేడలు లేచినయి” అని యామె బదులిచ్చెను.

1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట నీ ప్రాంతపు చేలనేకము అద్దాల మేడలైనవి. ఆ వృద్ధురాలి పొలమును మ్రింగినది మాత్రము మేడ కాదు, అప్పు. మేడ తరువాత వచ్చినది.

మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది ఇట్టి ఋణబాధ నడ్డుకొనుటకే. విత్తనమునకు, ఎరువునకు సంఘమున అప్పు తీసికొని, పంట రాగానే తీర్పుడు. పెండ్లికై పొలము తాకట్టు పెట్టకుడు. బిడ్డ పసిదిగా నున్ననాటినుండియే పంటపంటకు కొంత సొమ్ము సంఘమున దాచుడు. ఆ దాచిన సొమ్మే పొలమునకు గట్టు.

వచ్చు ఆషాఢమున మీ యింటి బోనములోని బియ్యము మీ మడిలోనివే యగుగాక!

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు