గాజుతొట్టిలోంచి పంటకాలువలోకి

మాది గోదావరి డెల్టాలో వ్యవసాయ కుటుంబం. మూడెకరాల చేను, పక్కనే ఎకరం చేపల చెరువు. జంతుశాస్త్రం క్లాసులో శీలావతికీ బొచ్చెకీ బారెడేసి లాటిన్ పేర్లు చెబుతుంటే నాకు నవ్వొచ్చేది.

మొన్న వేసవిలో మా చెరువు పట్టుబడినాడు మాత్రం అలాంటి పేరొకటి నన్ను నవ్వనివ్వలేదు. వలలో నల్లమచ్చల చేపలు ఏడెనిమిది పడ్డాయి. ఒళ్లంతా ఎముక పలకలు, రెక్కలకి ముళ్లు. వల చిరిగింది. "దెయ్యం చేపలండీ, ఎవరూ కొనరు" అంటూ వాటిని గట్టు మీదికి విసిరేశారు. సాయంత్రం వెళ్లి చూస్తే ఇంకా కొనఊపిరితో ఉన్నాయి!

"ఇవెక్కణ్ణుంచి దిగాయిరా?" అన్నాడు నాన్న. నేను మాట్లాడలేదు.

వాటిని నేను గుర్తుపట్టాను. ఇంటర్ చదివే రోజుల్లో, గాజుకి పట్టిన పాచి తినేస్తుందని చెబితే, పట్నంలో అక్వేరియం కొట్టులో వేలెడంత పిల్లని కొన్నాను. ఏడాదికల్లా జానెడు దాటింది. చంపడానికి మనసొప్పక, సెలవులకి వచ్చినప్పుడు మా ఊరి పంటకాలువలో వదిలాను. పుణ్యం చేశాననే అనుకున్నాను.

దాని పేరు టెరిగోప్లిక్తిస్. పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగుతుంది. పొట్టగోడలోని రక్తనాళాలు ఆ గాలిలోంచి ప్రాణవాయువుని లాక్కుంటాయి. మన కొర్రమీనుకి తలలో గాలి గది ఉన్నట్టే దీనికి పొట్టే ఊపిరితిత్తి. అందుకే ఒడ్డున పడేసినా గంటల తరబడి బతుకుతుంది.

పాచి తినే చేప వల్ల నష్టమేమిటని అడగవచ్చు. ఆ పాచీ, దాన్నంటుకుని ఉండే పురుగులే మన చిన్న చేపలకీ తిండి. రైతుకి అసలు బెడద వేరే ఉంది. గుడ్లు పెట్టడానికి ఇవి గట్లలో మూడడుగుల దాకా బొరియలు తవ్వుతాయి, లోపల మగచేప కాపలా ఉంటుంది. నీరు తగ్గినప్పుడు ఆ గట్టు విరిగిపడుతుంది. రెండేళ్లుగా మా నాన్న ఎండ్రకాయల్ని తిట్టుకుంటూ బొరియలు పూడుస్తున్నాడు. అన్నీ ఎండ్రకాయలవేనా అని ఇప్పుడు నాకు అనుమానం.

పెద్దవాళ్లూ ఈ పని చేశారు లెండి. దోమల్ని తింటుందని 1928లో గాంబూసియాని ఇటలీ నుంచి మన దేశానికి తెప్పించారు. అది దోమపిల్లలతోబాటు ఇతర చేపల గుడ్లనీ, పిల్లల్నీ తింటుంది.

హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు, చేప కంటబడకపోయినా నీటిలో అది వదిలిన డి.ఎన్.ఏ.ని బట్టి దాని ఉనికిని పసిగట్టే పద్ధతి కనిపెట్టారు. ఆ లెక్కన తూర్పు కనుమల నీటివనరుల్లో 60 శాతం దాకా ఈ చేప చేరిపోయింది. నేను వదిలిన ఒక్క చేపతో వంశం పెరగదు, నిజమే. కానీ నాలాగే జాలిపడ్డవాళ్లు ఇంకెందరో! ఆపైన వరదనీరు ఒక చెరువు చేపని ఇంకో చెరువుకి చేర్చనే చేరుస్తుంది.

మన హాస్టలు గదుల్లో కూడా రెండు మూడు గాజుతొట్లున్నాయి. అందులో చేప మరీ పెరిగితే కొన్న కొట్లోనే తిరిగి ఇచ్చెయ్యండి, లేదా అడిగినవాళ్లకి ఇవ్వండి. కాలవ వైపు మాత్రం తీసుకెళ్లకండి.

నాన్నకి ఇంకా చెప్పలేదు. ఈ సంచిక అచ్చయ్యాక ఒక ప్రతి ఇంటికి పట్టుకెళతాను.