సైకిలుకు ఎలక్ట్రిక్ మోటారు: ఎన్ని వోల్టుల బ్యాటరీ వాడాలి?

పొలానికి, పాలకేంద్రానికి రోజూ తిరిగే కొందరు పాత సైకిలుకే మోటారు కిట్ బిగించుకుంటున్నారు. ఖర్చు తక్కువే, కానీ బ్యాటరీ ఎంపికలో పొరపడితే నష్టపోతారు. నాకు తెలిసిన ఒక పాడి రైతు బరువు బాగా లాగుతుందని 36 వోల్టుల కిట్‌కు నాలుగో 12 వోల్టుల బ్యాటరీ కలిపాడు. దారిలోనే కంట్రోలర్ కాలిపోయింది. సైకిలు నెట్టుకుంటూ కేంద్రానికి చేరేసరికి రెండు క్యాన్ల పాలు విరిగిపోయాయి.

వోల్టు వేరు, ఆంపియర్-అవర్ వేరు

వోల్టులు పెరిగితే మోటారు వేగం పెరుగుతుంది. ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించాలి. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అయితే 360 వాట్-అవర్లు. బరువుతో మట్టి బాటలో కిలోమీటరుకు సుమారు 15 వాట్-అవర్లు ఖర్చవుతాయనుకుంటే 24 కి.మీ. వస్తుంది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కనుక 19 కి.మీ. అనే లెక్క వేసుకోండి. ఇంకా దూరం కావాలంటే వోల్టులు కాదు, ఆంపియర్-అవర్లు పెంచాలి.

ఏది ఎవరికి?

లో వోల్టేజిలో బోరు మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అంతే. 250 వాట్లకు 24 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లకు పైగా, 36 దగ్గర 7, 48 దగ్గర 5 ఆంపియర్లు కావాలి. ఆంపియర్లు ఎక్కువైతే వైర్లు, కనెక్టర్లు వేడెక్కుతాయి.

• 24 వోల్టులు: చదును దారి, తక్కువ దూరం, బరువు లేనప్పుడు.
• 36 వోల్టులు: పొలం పనులకు, ఒక మోస్తరు బరువుకు చాలామందికి ఇది చాలు.
• 48 వోల్టులు: ఎత్తుపల్లాల దారి, ఎక్కువ బరువు ఉంటే. మోటారు, కంట్రోలర్ రెండూ 48 వోల్టులవే కావాలి.

జాగ్రత్తలు

• మోటారు, కంట్రోలర్, బ్యాటరీ, ఛార్జర్ నాలుగింటి మీదా ఒకే వోల్టేజి ఉందో లేదో చూసి కొనండి. 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయితే 42 వోల్టులు, 48ది 54.6 వోల్టులు చూపడం సహజమే.
• కొత్త బ్యాటరీని పాతదానితో కలపవద్దు.
• ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ తొక్కి సాయం చేయండి. మోటారు ఆగిపోతున్నా యాక్సిలరేటర్ తిప్పి ఉంచితే వైండింగ్ కాలుతుంది.
• గడ్డివాము పక్కన, పశువుల పాకలో ఛార్జింగ్ పెట్టవద్దు.
• మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కి.మీ. మించితే రిజిస్ట్రేషన్, లైసెన్సు తప్పవు.

కిట్ కొనడానికి ముందే రోజూ ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువు, ఎలాంటి దారి అన్నది కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి.