కోడిగూటికి కొత్త ఏడాది దీపావళికే

సంక్రాంతికి వచ్చిన అల్లుడికి గారెలు, నాటుకోడి పులుసు పెట్టాలంటే ఆ కోడి ఆగస్టు మొదటికల్లా గుడ్డులోంచి బయటపడి ఉండాలి. పెరట్లో తిరిగే నాటుకోడి కిలోన్నర తూగడానికి అయిదారు నెలలు పడుతుంది మరి. ఆగస్టు మొదటికి పిల్ల బయటికి రావాలంటే జులై రెండో వారంలో పెట్టను పొదగేయాలి. అంటే కనుమ వంటకు ఆషాఢంలోనే ముహూర్తం పెట్టుకోవాలన్నమాట. ఇలా వెనక్కి లెక్క వేసుకోని ఇల్లు డిసెంబరు చివర్లో ఊరంతా తిరిగి, అడిగిన ధర పోసి పుంజును కొనుక్కుంటుంది.

పెరటి కోళ్లకు ప్రణాళికలేమిటి, పొద్దున గంప ఎత్తితే పోతాయి, పొద్దుగూకితే వాటంతటవే వస్తాయి అనుకునేవాళ్లే ఎక్కువ. మూడు నాలుగు కోళ్లున్నంత వరకు ఆ మాట చెల్లుతుంది. పదీ పదిహేనూ అయ్యాక చెల్లదు. ఒక్క తెగులుతో గూడు ఖాళీ అయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అయినా ఈ పెంపకం తగ్గడం లేదు సరికదా, పెరుగుతోంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతులు వగైరా 85 కోట్ల పైచిలుకు ఉంటే, అందులో పెరటివి దాదాపు 32 కోట్లు. 2012తో పోలిస్తే పెరటివి 46 శాతం దాకా పెరిగాయి. మొత్తం సంఖ్యలో తమిళనాడు తర్వాతి రెండు స్థానాలూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. మన దగ్గర వీటిలో ఎక్కువ భాగం ఫారం కోళ్లేననుకోండి.

ఇంతకీ కోడిగూటికి ఏడాది ఎప్పుడు మొదలవుతుంది? జనవరిలో కాదు, ఉగాదికీ కాదు. దీపావళి వెళ్లిన మర్నాడు. వానలు వెనకబడతాయి, నేల ఆరుతుంది, గాలి చల్లబడుతుంది. పైగా అప్పుడే కార్తీకం వస్తుంది. మాంసం ముట్టని ఇళ్లు ఎక్కువ కాబట్టి కోడి ధర దిగుతుంది. అమ్ముకోవడానికి పనికిరాని ఆ నెల గుడ్లు పొదగేయడానికి బాగా పనికొస్తుంది. కోస్తాలో తుపాను కబురుంటే ఇంకో పక్షం ఆగడం మంచిది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడతాయి కనుక అక్కడ కోడిగూటి ఏడాది నెల ఆలస్యంగానే మొదలవుతుంది.

ఇలా చలికాలంలో పుట్టిన పిల్లలు ఎండలు ముదిరేలోపు ఈకలు కట్టి గట్టిపడతాయి. ఫిబ్రవరిలో బయటికొచ్చినవి తెలంగాణలో బోనాలకు అందివస్తాయి. మిగిలినవి దసరాకు బలుస్తాయి. సంక్రాంతి కోసం వానల్లో వేసే రెండో విడత ఎప్పుడూ చిన్నదిగానే ఉండాలి. ఎందుకో తర్వాత చూద్దాం.

ముందు పెట్ట లెక్క. నాటు పెట్ట ఒక విడతలో డజనూ పదిహేనూ గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పొదగడం 21 రోజులు. తర్వాత పిల్లల్ని వెంటేసుకుని రెండు మూడు నెలలు తిరుగుతుంది. ఆ తిరిగినన్నాళ్లూ గుడ్డు ఉండదు. ఇలా ఏడాదికి మూడు నాలుగు విడతలే పడతాయి కాబట్టి మొత్తం గుడ్లు 50 నుంచి 80 దాటవు. గుడ్లు పెరగాలంటే ఇక్కడే ఒక మార్గముంది. పిల్లలకు నెల నిండాక తల్లినుంచి వేరుచేసి గంప కింద, బల్బు వెచ్చదనంలో పెంచితే తల్లి తొందరగా మళ్లీ గుడ్డుకొస్తుంది. ఇంట్లో నాలుగు పెట్టలుంటే నాలుగింటినీ ఒకేసారి పొదగేయకపోవడం మరో మార్గం. రెండు పొదుగులో ఉంటే రెండు గుడ్లు పెడుతుండాలి. వంతు రాని పెట్ట కూడా పొదుగుకు కూర్చుంటే నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం కొన్ని ఊళ్లలో అలవాటు. ఈక గుచ్చడం ఉత్త హింస. నాలుగు రోజులు గుడ్లు పెట్టే చోటికి పోనీకుండా గాలాడే బుట్ట కింద ఉంచితే చాలు, ఆ ధ్యాస మానుకుంటుంది.

పొదగేసే గుడ్లు చలికాలంలో వారం రోజులకు మించి పాతవి కాకూడదు, వేసవిలో మూడు నాలుగు రోజులే. కారణం గుడ్డులోనే ఉంది. చుట్టూ వేడి ఇరవై అయిదు, ముప్పై డిగ్రీల సెల్సియస్‌కు చేరితే లోపలి పిండం మెల్లగా కదలడం మొదలుపెడుతుంది. ఏప్రిల్‌లో మన ఇళ్లలో గోడవార పెట్టిన గుడ్డుకు ఆ వేడి ఎప్పుడూ ఉంటుంది. పెరగడానికి చాలదు, ఆగిపోవడానికి చాలా ఎక్కువ. అలా సగంలో చచ్చిన గుడ్డునే పెట్ట కిందకు చేరుస్తాం. రోహిణి కార్తెలో కోడిని పొదగేయవద్దని ముసలమ్మలు అనడానికి ఇంతకంటే వేరే శాస్త్రం అక్కర్లేదు.

పొదగేసిన ఏడో రాత్రి గుడ్లు ఎత్తి చూసుకోవాలి. పూర్వం దీపం దగ్గర చూసేవారు, ఇప్పుడు సెల్‌ఫోన్ టార్చి చాలు. గుడ్డు లావు కొనను టార్చికి ఆనిస్తే, పిల్ల కట్టిన గుడ్డులో నల్లటి చుక్క చుట్టూ ఎర్రటి సన్న నరాలు సాలెగూడులా పరుచుకుని కనిపిస్తాయి. కట్టనిది పెంకు పసుపుగా వెలుగుతూ బోసిగా ఉంటుంది. దాన్ని తీసేయాలి. పన్నెండు గుడ్లలో అయిదారు బోసివి తేలితే తప్పు పుంజుదేమో చూడాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. ఆ పుంజునూ రెండేళ్లకొకసారి వేరే ఊరిదానితో మార్చాలి, లేకపోతే తండ్రీకూతుళ్ల సంతానంతో గూడు బలహీనపడుతుంది.

గుడ్లే ముఖ్యమనుకునే ఇల్లు నాటుకోడి ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. పశువైద్య విశ్వవిద్యాలయం వారి రాజశ్రీ కూడా రాజేంద్రనగర్‌దే. వనరాజా పెరట్లో ఏడాదికి నూరు గుడ్ల పైన పెడుతుంది, త్వరగా బరువెక్కుతుంది. గ్రామప్రియ మంచి మేపు మీద 200 దాకా పోతుంది. గుడ్డు పెంకు నాటు గుడ్డులాగే గోధుమ రంగు కాబట్టి బజారులో చిక్కు లేదు. కాని ఇవి దాదాపుగా పొదగవు. పొదిగించినా, సంకర రకాలు కనుక వీటి పిల్లలకు అంత సత్తా రాదు. అందుకే ప్రతి ఏడాదీ కొత్త పిల్లల్ని తెచ్చుకోవాలి, గిరాకీ ఉంటుంది కాబట్టి ముందే చెప్పి ఉంచుకోవాలి. ఒక రోజు పిల్లల కంటే, నాలుగైదు వారాలు పెంచి అమ్మేచోట కొనడం కొత్తవాళ్లకు మేలు. ధర ఎక్కువే. అయితే పిల్లలు పోయేది ఎక్కువగా ఆ మొదటి వారాల్లోనే.

ఒక రోజు పిల్లలనే తెచ్చుకుంటే మొదటి వారం గంప కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, తర్వాత వారానికి అయిదేసి డిగ్రీలు తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి. అంచులకు పోయి నోళ్లు తెరిస్తే వేడి. గంపంతా చెదిరి పడుకుంటే సరిపోయినట్టు.

ఇక టీకాలు. ఏడాది ప్రణాళికలో ఇంకేది మరిచినా కాస్తో కూస్తో నష్టం, ఇది మరిస్తే గూడే పోతుంది. పల్లెలో కోళ్లు మూకుమ్మడిగా పోయాయంటే మొదట అనుమానించాల్సింది కొక్కెర తెగులునే. మెడ తిప్పేస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది, రెక్కలు వాలుస్తుంది. వచ్చాక మందు లేదు. పిల్లకు అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో ఒక చుక్క లసోటా, నాలుగు వారాలకు మళ్లీ ఒక చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద ఆర్‌టూబీ సూది. ఆ తర్వాత ఆరు నెలలకొకసారి. మశూచి టీకా ఆరేడు వారాలప్పుడు. పొదగేసిన రోజునే గోడ క్యాలెండర్‌లో ఈ తేదీలన్నీ చుట్టేసి పెట్టుకోవచ్చు. ఏడో రాత్రి, 21వ రోజు, ఆపైన అయిదో రోజు, 28వ రోజు, ఇలా.

తేదీ రాసుకోవడం తేలిక, టీకా దొరకడమే కష్టం. లసోటా సీసా సాధారణంగా 100 డోసులకు తక్కువ ఉండదు. ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లలున్న ఇల్లు సీసా విప్పితే తొంభై డోసులు పారబోయాల్సిందే. అందుకే ‘మా ఇంట్లో పదే కదా’ అని చాలామంది మానేస్తారు. ప్రణాళిక వీధి మొత్తానిది కావాల్సింది ఇక్కడే. పది ఇళ్ల ఆడవాళ్లు మాట్లాడుకుని ఒకటి రెండు రోజుల తేడాలో పెట్టలను పొదగేస్తే పిల్లలన్నీ ఒకే ఈడువి అవుతాయి, ఒక్క సీసా వీధికంతా సరిపోతుంది. డ్వాక్రా సంఘం సమావేశంలో అయిదు నిమిషాల మాట. తెల్లవారుజామున కోళ్లు గూట్లో ఉండగానే పని అయిపోతుంది.

సంక్రాంతి తర్వాత మరో ప్రమాదముంది. ఆంధ్రాలో 1974 గేమింగ్ చట్టం, అంతకుముందే వచ్చిన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వద్దంటున్నా గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేలు ఆగడం లేదు. డేగ, కాకి, నెమలి అంటూ ఎక్కడెక్కడి పుంజులో ఒకచోట చేరి, గెలిచినవీ ఓడినవీ మళ్లీ తలో ఊరికీ పోతాయి. వాటితోపాటే రోగమూ పోతుంది. బరినుంచి వచ్చినదైనా సంతలో కొన్నదైనా కొత్త కోడిని రెండు మూడు వారాలు విడిగా ఉంచనిదే గూట్లో కలపకూడదు. ఆర్‌టూబీ జనవరికి ముందే పడిపోవాలి.

మార్చి రాగానే గూట్లో సంఖ్య తగ్గించాలి. రెండేళ్లు దాటిన పెట్టలు, అవసరం లేని పుంజులు ఎండలకు ముందే అమ్ముడుపోవాలి. కోడికి చెమట గ్రంథులు లేవు. ఒంటి వేడి మామూలుగానే 106, 107 డిగ్రీల ఫారెన్‌హీట్. రెంటచింతల ఎండలో అది నోరు తెరిచి ఎగరోజడమొక్కటే చేయగలదు. అలా ఎగరోజినప్పుడు ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది. పెంకు కట్టడానికి రక్తంలో ఉండాల్సిన సరుకు దాంతోపాటే తరుగుతుంది. మే నెల గుడ్లు పట్టుకుంటే పగిలేది ఇందుకే. గవ్వల పొడి, నత్తగుల్లల పొడి చిన్న మూకుడులో విడిగా పెడితే కావాల్సినంత తింటాయి. గింజలు తెల్లవారకముందు ఒకసారి, పొద్దువాలాక ఒకసారి వేయాలి. మిట్టమధ్యాహ్నం వేసిన మేత అరుగుతూ ఒంట్లో ఇంకా వేడి పుట్టిస్తుంది. నీళ్లు మామూలుకు రెట్టింపు తాగుతాయి. ప్లాస్టిక్ డబ్బాలో వేడెక్కిన నీటిని మాత్రం ముట్టవు, మట్టి మూకుళ్లలో నీడన పెట్టాలి.

వానలు పడ్డాక చీకాకు నేలనుంచి. తడిసిన ఊకలో రక్తపారుడు రోగం తెచ్చే క్రిములు పెరుగుతాయి, మూడు నుంచి ఆరు వారాల పిల్లల్ని తుడిచిపెడతాయి. రెండో విడత చిన్నదిగా ఉండాలనడానికి కారణమిదే. గూడు నేలకు జానెడు, రెండు జానలు ఎత్తున ఉండాలి, అడుగున ఊక తడిసిన వెంటనే మార్చాలి, వానల ముందూ వెనకా నులిపురుగుల మందు పట్టాలి. పొడి చోటు లేని ఇల్లు ఆ విడత మానుకుని పెంచిన పిల్లల్ని కొనుక్కోవడం తెలివైన పని.

మేత లెక్క తేలిక. పెరట్లో తిరిగే కోడికి రోజుకు 50 గ్రాములు పై మేత వేస్తే, పది కోళ్లకు ఏడాదికి 180 కిలోల చిల్లర. నూకలు, తవుడు, జొన్నలు వరికోతలప్పుడు కొనిపెట్టుకుంటే చౌక. వానల్లో బూజు పట్టిన గింజ, ముఖ్యంగా వేరుశనగ చెక్క, కోళ్లకు విషం. ఆ నెలలకు కొద్దికొద్దిగా తెచ్చుకోవాలి.

బర్డ్‌ఫ్లూ సంగతి కూడా ఏడాది ప్రణాళికలో ఉండాల్సిందే. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్లలో, 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో అది తేలింది. రోగం తేలినచోట చుట్టూ కిలోమీటరు పరిధిలో పెరటి కోళ్లనూ వదలరు. కొల్లేరు, పులికాట్ పక్కన ఉన్నవాళ్లు వలస పక్షులొచ్చే చలికాలంలో కోళ్లను చెరువు గట్లకు పోనీయకుండా, బాతులతో కలపకుండా చూసుకోవాలి.

ఒకటి రెండు రోజుల్లో అయిదారు కోళ్లు కారణం తెలియకుండా చస్తే వాటిని కాలవలో వేయకండి, కోసి అమ్మకండి. సున్నం చల్లి లోతుగా పాతిపెట్టే ముందు పశువైద్యుడికి కబురు చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవల ఉచిత నంబరు 1962.