చేతికి తెలిసిన చూపు

కళ్లు బాగానే ఉన్నాయి. కానీ ఎదురుగా ఉన్న సన్నని కంత నిలువుగా ఉందో, అడ్డంగా ఉందో ఆమె చెప్పలేకపోయింది. చేతికి కార్డు ఇచ్చి అందులో వేయమంటే మాత్రం, పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినంత తేలిగ్గా సరైన కోణంలో దూర్చేసింది. 1988లో కార్బన్ మోనాక్సైడ్ పీల్చి మెదడు దెబ్బతిన్న ఈ మహిళపై మెల్విన్ గుడేల్, డేవిడ్ మిల్నర్ బృందం చేసిన పరీక్షల ఫలితాలు 1991లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మెదడులో చూపుకు రెండు దారులున్నాయి. వెనక నుంచి కణతల వైపు వెళ్లేది వస్తువేమిటో గుర్తిస్తుంది. నడినెత్తి వైపు సాగేది చేతిని నడిపిస్తుంది. ఆమెకు దెబ్బతిన్నది మొదటిది. రెండోది దెబ్బతింటే పరిస్థితి తారుమారు: గ్లాసును గుర్తుపడతారు, అందుకోబోతే చెయ్యి గురి తప్పుతుంది. అందుకే, కంటి పరీక్షలో లోపమేమీ తేలకపోయినా 'సరిగా కనిపించడం లేద'నే రోగి మాటను కొట్టిపారేయకూడదు. లోపం కంటి వెనకా ఉండొచ్చు.